ఐసుపెట్టెలోని పొట్లం

"చెప్పవే నీ మొగుడికి. నేను ఆ బండెక్కను," అంది ఊదా.

కులోప్ రెండడుగుల అవతల, మెట్టు మీద నిలబడి ఉన్నాడు. అత్తగారి మాట అతనికి స్పష్టంగానే వినపడింది. అయినా భార్య వైపు చూసి ఊరుకున్నాడు.

"ఎక్కదట," అంది మెలూర్.

"ఎందుకెక్కదో అడుగు."

"ఎందుకెక్కవమ్మా?"

"ఎన్నిసార్లు చెప్పాలే? నా నోట్లో కొరత ఉంది. ఈ కొరతతో బండెక్కితే మూడో మలుపు దగ్గర అది లోయలోకి పోతుంది. పోతే నేనొక్కదాన్నే పోను. తోలేవాడు కూడా పోతాడు. నా కూతురి మొగుణ్ణి నేనే చంపుకోనా?"

ఆ మాటను భర్తకు చేర్చడానికి మెలూర్‌కు నోరు రాలేదు. చేర్చవలసిన అవసరమూ లేకపోయింది. కులోప్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ కొండల్లో బతికే సెమాయ్ జాతిలో అత్తా అల్లుడూ నేరుగా మాట్లాడుకోకూడదు. ఒకరి పేరు ఒకరు పలకకూడదు. కాలిబాటలో ఎదురుపడితే ఎవరో ఒకరు పొదల్లోకి తప్పుకోవాలి. పన్నెండేళ్ళుగా ఒకే కప్పు కింద బతుకుతున్న ఆ ఇద్దరి మాటలూ మెలూర్ నోటి మీదుగానే రాకపోకలు సాగిస్తున్నాయి. మామూలు రోజుల్లో అది ఆ ఇంట్లో ఒక వేడుక. "కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పు," అని అతనంటే, "నాలుక కోసి వాగులో జాడించుకోమని చెప్పు," అని ఆవిడ అనేది. ఇద్దరూ చెరో తడిక వైపు తిరిగి నవ్వుకునేవారు.

ఇవాళ ఎవరూ నవ్వలేదు.

వెదురు నేల మీద చాపిన ఊదా ఎడమ కాలు మనిషి కాలులా లేదు. చర్మం బిగిసి నున్నగా మెరుస్తోంది. దాని మీద బొగ్గుతో గీసిన గీతలు అయిదు. మొదటిది చీలమండ దగ్గర. అయిదోది మోకాలు దాటి బెత్తెడు పైన. నిన్న పొద్దు వాలే వేళ వాగు ఒడ్డున కూరాకు కోస్తుండగా, ఎండుటాకుల్లో ఎండుటాకులాగే పడుకుని ఉన్న పింజరి పాము మీద ఊదా కాలు పడింది. అప్పటినుంచి వాపు ఎక్కడిదాకా పాకితే అక్కడ మెలూర్ ఒక గీత గీస్తూ వచ్చింది. ఊరి చిన్నపిల్లల బడిలో ఆమె సహాయకురాలు. ఏటా ఒకసారి వచ్చే ఆరోగ్య కార్యకర్త చెప్పిన ఆ పద్ధతిని, ఆ ఊరు మొత్తంలో గుర్తుపెట్టుకున్నది ఆమె ఒక్కతే.

తెల్లవారాక గీతల కంటే భయపెట్టేది ఒకటి కనిపించింది. ఊదా పుక్కిలించి ఉమ్మిన నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. చిగుళ్ళ నుండి రక్తం కారుతోంది.

పట్టణంలోని ఆసుపత్రి మూడు గంటల దారి. కొండ కింది పామాయిల్ తోటలో డ్రైవరుగా ఉన్న కులోప్, కబురందగానే తోట వాళ్ళ పికప్‌ను అడిగి తెచ్చాడు. మధ్యాహ్నానికల్లా దాన్ని తిరిగి అప్పజెప్పాలి. బండి ఇంటి ముందే ఉంది. రోగి బండికి పది గజాల దూరంలో ఉంది. అయినా ఎక్కదు.

ఆమె మొండితనం అర్థంలేనిదని ఆ ఊళ్ళో ఎవరూ అనరు. అడిగిన నోటికి, ఉన్నదాన్ని లేదని చెబితే ఆ నోట్లో కొరత నిలుస్తుంది. దాన్ని వాళ్ళు పెహూనన్ అంటారు. కొరత పట్టిన మనిషిని పాము వెతుక్కుంటూ వస్తుంది. చెట్టుకొమ్మ ఆ మనిషి మీదికే విరిగి పడుతుంది. లేదన్న మనిషే ఆ వస్తువు తెచ్చి నోటికి అందిస్తే తప్ప అది వదిలిపోదు. ఈలోగా ఆ మనిషి పక్కన ఉన్నవాళ్ళకూ ముప్పే.

మెలూర్‌కు ఇందులో నమ్మకం లేదు. తొమ్మిదేళ్ళలో ఆ ఊళ్ళో పాము కరిచినవాళ్ళు నలుగురు. వాళ్ళలో ముగ్గురు అప్పుడే కడుపునిండా తిని బయల్దేరినవాళ్ళు. ఈ లెక్క ఆమె ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు.

మెట్ల మీద కర్ర చప్పుడైంది. ఊరిపెద్ద చెబాన్ పైకొచ్చాడు. ఊదాకు అన్న, మెలూర్‌కు మేనమామ. వెనకే ఇంటికొకరు చొప్పున తొమ్మిదిమంది వచ్చి తడికలకు ఆనుకుని కూర్చున్నారు.

"మామా, ముందు ఆసుపత్రికి తీసుకుపోనీ. మాటలు తరవాత మాట్లాడుకుందాం," అంది మెలూర్.

"ఒప్పుకోని మనిషిని ఎత్తి బండిలో వెయ్యమంటావా? మనం ఎప్పుడైనా ఆ పని చేశామా?" అన్నాడు చెబాన్ మెల్లగా. "దానికి కొరత తీరాలి. తీరాలంటే ఎవరు లేదన్నారో తేలాలి. తేలాలంటే మాట్లాడాలి. కూర్చో తల్లీ."

"ఎంతసేపు?"

"మాట ఉన్నంతసేపు."

ఆ కొండల్లో తగువు తీర్చే విధానం అదొక్కటే. చెప్పదలచుకున్నవాడు చెప్పినంతసేపు చెప్పాలి. మిగిలినవాళ్ళు వినాలి. ఎవరి దగ్గరా చెప్పడానికి ఏమీ మిగలనప్పుడు పెద్ద ఒక మాట చెప్పి లేస్తాడు. ఒకసారి ఒక దూరియన్ పళ్ళచెట్టు గురించి రెండు పగళ్ళు మాట్లాడుకున్నారు.

మెలూర్ లేచి, నీళ్ళు తెస్తానని వంటచావడిలోకి నడిచింది. కులోప్ ఆమె వెనకే వచ్చాడు.

వంటచావడి మూలలో ఐసుపెట్టె గుర్రుమంటోంది. వాగు మీద బిగించిన చిన్న యంత్రం నుంచి వచ్చే కరెంటు ఊరికంతటికీ ఇంటికొక దీపానికి సరిపోతుంది, ఈ పెట్టెకు సరిపోతుంది. పెట్టెను కిందటేడు కులోప్ తోట నుంచి మోయించుకొచ్చాడు. పైన ఊదా పెండలం గంప, కుట్టడానికి పెట్టుకున్న తాటాకు చాప, పిల్ల పాత బడి సంచీ ఉన్నాయి.

"పొట్లం ఇంకా అందులోనే ఉందా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎక్కడికి పోతుంది?"

"నిన్న మీ అమ్మ ఇటు వచ్చిందా?"

మెలూర్ పొయ్యిలో ఆరిపోయిన కట్టెను కదిపింది.

"నిన్నే."

"వచ్చింది."

"అడిగిందా?"

కట్టె మళ్ళీ కదిలింది. నిప్పు లేదు, బూడిదే లేచింది.

"అడిగింది."

"నువ్వేం చెప్పావు?"

పెట్టె మూత మీద చెయ్యి ఆనించబోయిన కులోప్ మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

నిన్న సాయంత్రం ఊదా ఈ గడప మీదే కూర్చుంది. గంప ఒళ్ళో పెట్టుకుని, "ఏమైనా ఉందటే నమలడానికి? పొద్దుట్నుంచీ పెండలం తిని తిని నాలుక చెక్కలా అయింది," అంది. "ఏమీ లేదమ్మా," అంది మెలూర్. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పుడు ఆమెకే వింతగా ఉంది. ఊదా ఒక్కసారి పెట్టె వైపు చూసింది. గంప భుజాన వేసుకుని వాగు వైపు వెళ్ళిపోయింది.

మూడు రోజుల కింద కులోప్ ఉచ్చులో అడవిపంది పడింది. వాగు అవతలి అడవంతా పామాయిల్ తోట అయ్యాక, పందులు ఆ కాయల కోసమే ఇటు వస్తున్నాయి. ఏడాదికి రెండో మూడో పడితే గొప్ప. కొట్టిన రోజే పదకొండు ఇళ్ళకూ పదకొండు ఆకుల్లో సమంగా పంచారు. అందులో తమ ఆకును మెలూర్ విప్పకుండానే పెట్టెలో పెట్టింది.

"అది మన వాటా," అంది మెలూర్. "నేనూ తినలేదు, నువ్వూ తినలేదు. శుక్రవారం ననీ వస్తుంది. ఆ హాస్టల్లో పంది మాంసం వండరు. నాలుగు నెలలైంది పిల్ల నోటికి తగిలి. ఉత్తరంలో ఏం రాసిందో చూశావు కదా?"

"ఇవన్నీ నాకెందుకు చెబుతావు? అక్కడ చెప్పు."

"చెబితే ఏమవుతుంది? పాముని నేనే పంపానంటారు. నేను ఒప్పుకున్నట్టే అవుతుంది. రేపు బడిలో పిల్లలకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి, పాముకి ఎవరి కొరతా తెలియదూ, అది కాలు పడితేనే కరుస్తుందీ అని?"

"మీ అమ్మ చిగుళ్ళ నుంచి రక్తం కారుతోంది. నువ్వు బడి గురించి మాట్లాడుతున్నావు."

ఆ మాట నిజం కాబట్టి మెలూర్‌కు కోపమొచ్చింది.

"పోనీ, నేనే లేదన్నానని చెప్పేస్తాను," అన్నాడు కులోప్. "ఎటూ వాళ్ళకి కావలసింది నేనే. ఐసుపెట్టె తెచ్చింది నేను. పక్క ఏటి ఒడ్డు ఊరి నుంచి వచ్చినవాణ్ణి నేను. తోటలో జీతగాణ్ణి నేను. పొద్దుట్నుంచీ పక్కింటి ఇందన్ నా వైపు ఎలా చూస్తోందో చూశావా? నేను దొంగతనం చేసినట్టు."

"వద్దు. నువ్వు నిన్న ఊళ్ళోనే లేవు."

"ఎవరడుగుతారు? చెప్పేస్తాను, పెట్టాల్సింది పెట్టేస్తాను, మీ అమ్మని ఆసుపత్రిలో దింపుతాను. ఆ తరవాత మళ్ళీ ఈ కొండెక్కను మెలూర్. తోటలో నాకు ఇల్లిచ్చారు. గోడలున్న ఇల్లు. తలుపుకి గడియ ఉన్న ఇల్లు. నా పెట్టెలో ఏముందని అక్కడ ఎవరూ అడగరు. నువ్వూ ననీ వస్తే రండి. రాకపోతే..."

"రాకపోతే?"

తడిక అవతల ఊదా దగ్గింది.

ఇద్దరూ నోరు మూసుకున్నారు. చీల్చిన వెదురుతో అల్లిన ఆ తడిక గాలినే ఆపదు, మాటనేం ఆపుతుంది?

చెబాన్ మొదలుపెట్టాడు. అందరూ ఒకే వాగు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళమని చెప్పాడు. పెద్ద వానలప్పుడు కొండ విరిగి పడ్డ ఏడు ఒక్క వెదురుబొంగులో ఉడికిన పెండలాన్ని పదహారుమంది పంచుకున్నామని చెప్పాడు. ఎవరి తాత ఎవరి తాతకు తోబుట్టువో చెప్పాడు. ఆయన గొంతులో ఎక్కడా కోపం లేదు, తొందర కూడా లేదు. మెలూర్ తల్లి కాలి దగ్గర కూర్చుని బొగ్గు తీసుకుని ఆరో గీత గీసింది.

ఆయన ఆగగానే పక్కింటి ఇందన్ అందుకుంది. మెలూర్‌కు వదిన వరస.

"నాకు తెలిసింది ఒక్కటే. మా చిన్నప్పుడు పంది పడితే పిలవక్కర్లేదు. పొగ వాసనే వచ్చి చెవి పట్టుకుని లాక్కెళ్ళేది. దాచుకుందామన్నా దాగేది కాదు, మూడో రోజుకి కుళ్ళేది. అందుకని అందరూ మంచివాళ్ళే. ఇప్పుడు ఈ తెల్ల పెట్టె వచ్చింది. అందులో పెడితే వాసన చచ్చిపోతుంది. లోపల ఏముందో దేవతలకి కూడా తెలీదు."

"నీ వాటా నీకందింది కదా?" అన్నాడు కులోప్.

"అందింది."

"తిన్నావు కదా?"

"తిన్నాను. మూడు రోజుల కింద."

"మరింకేమిటి?"

"అది ఆ రోజు ఆకలికి తిన్నాను, తమ్ముడూ. ఇవాళ మళ్ళీ ఆకలేసింది. నీకు తోటలో ఒకసారి తింటే నెలంతా సరిపోతుందా?"

ఎవరో ఫక్కున నవ్వి, ఊదా కాలు చూసి ఆపుకున్నారు.

"ఊదా," అన్నాడు చెబాన్, "ఎవరిని అడిగావు?"

"ఎవర్నీ అడగలేదు."

"అడక్కుండా కొరత ఎలా వచ్చింది?"

"నీకు ముసలితనం వచ్చినట్టే వచ్చిందన్నా. పిలవకుండా."

"ఆటలొద్దు. ఎవరో లేదన్నారు. నువ్వు దాస్తున్నావు. దాస్తే తీరదు."

ఊదా కళ్ళు మూసుకుంది. పెదవి మీద రక్తం సన్నగా గీత కట్టింది. మెలూర్ తడిగుడ్డతో తుడిచింది. ఆవిడ కళ్ళు తెరవకుండానే కూతురి చేతిని ఒక్క క్షణం నొక్కి వదిలేసింది. ఊరుకో అని ఆ నొక్కుడికి అర్థం. మెలూర్‌కు అర్థమైంది. అమ్మ తనను కాపాడుతోంది. ఎదురుగా మెట్టు మీద నిలబడ్డ మనిషిని కాపాడటానికి బండెక్కదు, పక్కన కూర్చున్న కూతుర్ని కాపాడటానికి పేరు చెప్పదు. ఈ రెంటి మధ్యా వాపు పైకి పాకుతోంది.

"నేను చెబుతాను," అన్నాడు కులోప్.

అందరూ అతని వైపు తిరిగారు. ఇందన్ మొహంలో తను ముందే అనుకున్న సంగతి నిజమైందన్న తృప్తి కనిపించింది.

"పెట్టెలో మాంసం పొట్లం ఉంది. నాదే. ఆవిడకి లేదన్నది నేనే. తప్పు నాది. ఏం పెట్టమంటే అది పెడతాను. తొందరగా చెప్పండి, మనిషి పోతోంది."

చెబాన్ తల ఊపాడు. అటూ ఇటూ నిట్టూర్పులు వినిపించాయి. వేసుకున్న ముడి విడిపోయినట్టు పదిమందీ సర్దుకుని కూర్చున్నారు. మరో మాట లేకుండా అంతా అక్కడే తేలిపోయేది.

కానీ చాప మీద నుంచి నవ్వు వినిపించింది. ఊదా నవ్వుతోంది. పళ్ళన్నీ ఎర్రగా ఉన్నాయి.

"అడగవే మెలూర్ నీ మొగుణ్ణి. నాతో లేదన్నాడట! పన్నెండేళ్ళలో నాతో ఉందని కూడా అనని మనిషి, నిన్న ఒక్కరోజు వచ్చి లేదని ఎలా అన్నాడట? ఎదురుగా నిలబడి అన్నాడా? అంటే దానికి వేరే సభ పెట్టాలి కదా, అన్నయ్యా!"

కూర్చున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిజమే. అత్తతో అల్లుడు మాట్లాడడు. మాట్లాడని మనిషి లేదని చెప్పలేడు. ఈ ఇంట్లో ఊదా నేరుగా నోరు తెరిచి అడగగలిగిన మనిషి, నేరుగా జవాబు చెప్పగలిగిన మనిషి ఒక్కరే.

అల్లుణ్ణి తప్పించబోయి తను ఏం చేసిందో ఊదాకు అప్పుడు తెలిసింది. నవ్వు ఆగిపోయింది. "నేనెవర్నీ అడగలేదు," అంది మళ్ళీ, గబగబా. "అడగలేదంటే అడగలేదు."

ఎవరూ మెలూర్ వైపు చూడలేదు. అందరూ నేల వైపు చూస్తున్నారు. వేలెత్తి చూపడం అక్కడి మర్యాద కాదు. మనిషి తనంతట తాను మాట్లాడాలి. అప్పటిదాకా కాచుకుని కూర్చోవడమే.

వాగు చప్పుడు వినిపిస్తోంది. దాని మీద ఐసుపెట్టె రొద.

"అడిగావమ్మా," అంది మెలూర్.

ఆమె గొంతు ఆమెకే పరాయిగా వినపడింది.

"నిన్న గడప మీద కూర్చుని అడిగింది మామా. నేను లేదన్నాను. పొట్లం పెట్టెలోనే ఉంది. ననీ కోసం దాచాను. ఇతనికి నిన్నటి సంగతే తెలీదు."

"పిల్ల కోసమా?" అంది ఇందన్, ఈసారి వేరే గొంతుతో.

"పిల్ల కోసమే. కానీ ఒక్క మాట చెప్పాలి మామా. పాము నా మాట విని రాలేదు. అది అక్కడే ఉంది. వానలు మొదలయ్యాక ఏటా అక్కడే ఉంటుంది. ఆవిడ కడుపునిండా తిని వెళ్ళినా కరిచేదే. ఆ పాముని నా మీద వెయ్యకండి."

ఒకరిద్దరు కదిలారు. ఇలాంటి మాట ఆ తడికల మధ్య ఎవరూ ఎప్పుడూ అనలేదు.

"పాము సంగతి పాముది," అన్నాడు చెబాన్, కర్ర పక్కన పెట్టి. "దాన్ని పిలిపించి అడగలేం. నీ సంగతి చెప్పు. ఉందా, లేదా?"

"ఉంది."

"లేదన్నావా, అనలేదా?"

"అన్నాను."

"ఎవరితో?"

మెలూర్ నోరు తెరిచింది. పాము గురించి ఎన్ని రుజువులైనా చెప్పగలదు. ఈ చిన్న ప్రశ్నకు మాత్రం మాట పెగలడం లేదు. తనకు పెండలం నమిలి పెట్టి పెంచిన మనిషి, పెట్టె వైపు ఒక్కసారి చూసి, అబద్ధమని తెలిసీ, మాట్లాడకుండా గంప భుజానికెత్తుకుంది.

"మా అమ్మతో," అంది.

"అయితే తీసుకురా."

పొట్లం మంచు పట్టి తెల్లగా ఉంది, నాపరాయిలా ఉంది. ఆకు మాంసానికి అంటుకుపోయి ఊడి రాలేదు. చెబాన్ మచ్చుకత్తితో కొడితే చిన్న పెచ్చు ఒకటి ఎగిరి పడింది. మెలూర్ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తల్లి నోటికి అందించింది.

ఊదా దాన్ని బుగ్గన పెట్టుకుని చప్పరించింది.

"ఏమే, ఇది పందా, వడగల్లా? దీని కోసమటే నాతో అబద్ధమాడావు? రుచీ లేదు, వాసనా లేదు."

"అమ్మా..."

"సర్లే. తీరింది."

పొట్లం పదిమంది కంటబడింది కనుక పదిమందికీ దాని మీద కోరిక పుట్టి ఉంటుంది; కాస్త ముట్టి నాలుకకు రాసుకుంటే ఎవరికీ కొరత నిలవదు. చెబాన్ దాన్ని తన పక్కవాడికి అందించాడు. అతను గోటితో ముట్టి, వేలు నాలికకు రాసుకుని, తరవాతివాడికి అందించాడు. అలా చుట్టూ తిరిగి ఇందన్ దాకా వచ్చింది. ఆమె ముట్టింది, వేలు నాకింది, పొట్లాన్ని రెండు చేతులతో తెచ్చి మెలూర్ ఒళ్ళో పెట్టింది.

"నాకూ తీరింది. మిగతాది పిల్లకి ఉంచు," అంది మొహం చూడకుండా. ఆ వెంటనే మామూలు ఇందన్ అయిపోయి, "ఏమిట్రా అందరూ చూస్తున్నారు? పట్టండి, మనిషిని లేపండి!" అని అరిచింది.

నలుగురు చాపతో సహా ఊదాను మెట్లు దించారు. పికప్ వెనక భాగంలో గోనెలు పరిచి ఉన్నాయి. అల్లుడు తోలే బండిలో అత్త కూర్చోవలసిన చోటు అదే. ఊదా గోనెల వైపు చూసింది. ఆకాశం వైపు చూసింది. వాన మొదలవబోతోంది.

"ముందు కూర్చోబెట్టండి," అంది.

మోస్తున్నవాళ్ళు ఆగిపోయారు.

"చెల్లీ, అది..." అన్నాడు చెబాన్.

"వెనక ఎగిరెగిరి పడితే కింద చేరేది నా బట్టలే. ముందు కూర్చోబెట్టమన్నాను."

కూర్చోబెట్టారు. మధ్యలో మెలూర్ దూరింది, ఒళ్ళో పొట్లం. అటు భర్త, ఇటు తల్లి. ఇంట్లో పన్నెండేళ్ళుగా ఆమె కూర్చున్న చోటే ఇది. కులోప్ కిటికీ వైపుకి వీలైనంత ఒదిగి, అత్తగారి వైపు చూపు పోకుండా మెడ బిగించి, తాళం తిప్పాడు. బండి కదల్లేదు. మళ్ళీ తిప్పాడు. ఇంజను అందుకుంది.

మెలూర్ వంగి చూసింది. ఆరో గీత దాటి వాపు రెండు వేళ్ళ మేర పైకి వచ్చింది. గీయడానికి బొగ్గు తేవడం మరిచిపోయింది.

మొదటి మలుపు, రెండో మలుపు దాటాయి. మూడో మలుపు దగ్గర, లోయ కుడి పక్కన నోరు తెరుచుకుని కనిపించే చోట, కులోప్ వేగం బాగా తగ్గించాడు. అతను నమ్ముతాడో లేదో మెలూర్ ఎప్పుడూ అడగలేదు. బండి మెల్లగా తిరిగింది. కింద తోట కనిపించింది, ఒకే ఎత్తున, ఒకే దూరంలో, కొండ అంచు దాకా నాటిన చెట్లు.

"అల్లుడా."

మెలూర్ ఉలిక్కిపడి తల్లి వైపు చూసింది. ఊదా అద్దంలోంచి ఎదురుగా దారి వైపే చూస్తోంది. ఆ మాట మెలూర్ చేతికి అందకుండా, ఆమె ముందు నుంచి నేరుగా అవతలికి వెళ్ళిపోయింది.

కులోప్ చేతులు చక్రం మీద బిగుసుకున్నాయి.

"అమ్మా, నాతో చెప్పు. నేను చెబుతాను," అంది మెలూర్ కంగారుగా.

"నీ నోరు నిన్న ఒకసారి చూశాను. ఇది నేనే అడుగుతాను." ఊదా గొంతు అలసిపోయి ఉంది. ఒక్కో మాటా రక్తంతో పాటు మింగి మాట్లాడుతోంది. "తడిక అవతల అన్నదంతా విన్నాను అల్లుడా. గోడలున్న ఇల్లన్నావు, గడియ ఉందన్నావు. బాగుంటుంది. నన్ను ఆసుపత్రిలో దింపాక, నా కూతుర్ని మళ్ళీ ఈ కొండ ఎక్కిస్తావా? ఉన్నది ఉన్నట్టు చెప్పు. అడిగాను మరి."

అడిగిన నోటికి జవాబు చెప్పాలి. లేనిది ఉందనకూడదు, ఉన్నది లేదనకూడదు. ముగ్గురికీ ఆ సంగతి తెలుసు.

మెలూర్ భర్త మొహం వైపు చూసింది. 'మీ అమ్మకి చెప్పు' అని అతను మొదలుపెడితే చాలు, ఆ తరవాతి మాట ఏదైనా సరే తను మోస్తుంది. ఒళ్ళో పొట్లం కరగడం మొదలై, చల్లటి ఎర్రనీళ్ళు కట్టుకున్న బట్ట మడతల్లోకి ఇంకి మోకాళ్ళకు తగులుతున్నాయి. ఇన్ని రోజుల తరవాత దాని నుంచి పచ్చి మాంసం వాసన వచ్చింది.

వాన అద్దం మీద పడింది. కులోప్ దారి వైపే చూస్తూ బండి తోలుతున్నాడు. 'మీ అమ్మకి చెప్పు' అన్న మాట కూడా అతని నోటి నుంచి రాలేదు.